చార్టర్డ్ అకౌంటెన్సీ పరీక్షల్లో అనుత్తీర్ణత: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
చార్టర్డ్ అకౌంటెన్సీ (సి.ఏ.) పరీక్షా ఫలితాలు వెలువడినప్పుడల్లా ఉత్తీర్ణతాశాతం స్వల్పంగా ఉండటం చర్చకు వస్తుంది. ఈ స్థితికి విద్యార్థుల అసమర్థతను, లేదా పరీక్ష కాఠిన్యాన్ని కారణంగా చూపడం పరిపాటి. ఈ రెండు వివరణలూ అసంపూర్ణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. వలసపాలన కాలం నుంచి నేటి వరకు ఈ వృత్తిలో ప్రవేశం ఎలా నియంత్రితమైంది, బోధన, శిక్షణ, పరీక్ష అనే మూడు బాధ్యతలు ఎవరి చేతుల్లోకి వెళ్ళాయి, ఫలితాల అంకెలు నిజంగా దేన్ని కొలుస్తున్నాయి అనే అంశాలను ఇది చారిత్రక క్రమంలో పరిశీలిస్తుంది. తెలుగు రాష్ట్రాల కళాశాలలకు, తెలుగు భాషకు ఈ చరిత్రతో ఉన్న సంబంధాన్ని కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: చార్టర్డ్ అకౌంటెన్సీ, అనుత్తీర్ణత, ఆర్టికల్‌షిప్, ప్రవేశద్వారం, ఉత్తీర్ణతాశాతం, బోధనభాష, ఎం.ఇ.సి.

1. ఉపోద్ఘాతం:
2023 మే నెలలో జరిగిన సి.ఏ. ఫైనల్ పరీక్షలో రెండు గ్రూపులూ ఒకేసారి రాసినవారు 25,841 మంది. వారిలో ఉత్తీర్ణులైనవారు 2,152 మంది, అంటే 8.33 శాతం. పత్రికల్లో శీర్షికలకు ఎక్కింది ఈ అంకే. అదే విడత పరీక్షతో చార్టర్డ్ అకౌంటెంట్లుగా అర్హత పొందినవారి సంఖ్య మాత్రం 13,430. ఈ రెండు సంఖ్యల మధ్య ఉన్న దూరమే ఈ వ్యాసానికి ప్రేరణ. ఒకే పరీక్షను గురించి రెండు భిన్నమైన చిత్రాలు ఏర్పడుతున్నప్పుడు, ‘అనుత్తీర్ణత’ అనే మాటకు ఇక్కడ ఉన్న అర్థాన్ని ముందుగా నిర్ణయించుకోవాలి. అందుకు ఈ పరీక్ష పుట్టుక వరకు వెనక్కి వెళ్ళడం అవసరం.

2. పరీక్షకు ముందున్న ద్వారం:
లెక్కలు రాయడం తెలుగునేలకు కొత్త కాదు. గ్రామ కరణం భూమి లెక్కలను, శిస్తు లెక్కలను నిర్వహించేవాడు. ఆ విద్యను పెద్దల పక్కన కూర్చుని, కవిలెకట్టలు తిరగేస్తూ నేర్చుకునేవారు. ఆంధ్రప్రదేశ్‌లో వంశపారంపర్య కరణీకం 1984లో రద్దయ్యే వరకు ఆ వృత్తికి పుట్టుకే ప్రధానమైన అర్హత. ఆ వ్యవస్థలో బయటివారు ‘తప్పడం’ అనే ప్రసక్తి లేదు. ద్వారం వద్దే నిలిచిపోయినవారి పేరు ఏ జాబితాకూ ఎక్కదు. ఆధునిక అకౌంటెన్సీ వృత్తికి మూలం కరణీకం కాదు. అయితే ప్రవేశాన్ని ముందే కట్టడి చేసిన వృత్తిలో అనుత్తీర్ణత కంటికి కనిపించదు అన్న విషయాన్ని గ్రహించడానికి ఈ పోలిక తోడ్పడుతుంది.

ఆధునిక వృత్తి బ్రిటన్ నుంచి వచ్చింది. 1854లో ఎడింబరో అకౌంటెంట్ల సంఘానికి, 1880లో ఇంగ్లండు, వేల్స్ సంస్థకు రాజశాసనాలు లభించాయి. ‘చార్టర్డ్’ అనే విశేషణానికి మూలం అదే. అక్కడ అభ్యర్థి ఒక అకౌంటెంటు వద్ద ఒప్పందపత్రం రాసుకుని, ఆర్టికల్డ్ క్లర్కుగా కొన్నేళ్ళు పనిచేయాలి. అందుకు గురుస్థానంలో ఉన్న అకౌంటెంటుకు ‘ప్రీమియం’ పేరుతో రొక్కం చెల్లించడం ఆనవాయితీ. ప్రీమియం కట్టగల కుటుంబం, పరిచయం ఉన్న సంస్థ, ఏళ్ళ తరబడి సంపాదన లేకుండా నెగ్గుకురాగల స్థోమత ఉన్నవారే పరీక్షగది వరకు చేరగలిగేవారు. అంటే అసలైన వడపోత పరీక్షకు ముందే ముగిసేది.

3. వలసపాలనలో అర్హతల నిర్మాణం (1913–1949):
భారతదేశంలో ఆడిటర్లకు అర్హతలను తొలిసారి నిర్దేశించినది 1913 నాటి భారత కంపెనీల చట్టం. దాని ప్రకారం స్థానిక ప్రభుత్వాలు ఆడిటర్లకు ధ్రువపత్రాలు ఇచ్చేవి. పరిమిత ధ్రువపత్రం పొందినవారు ఆ రాష్ట్రంలో మాత్రమే, ఆ పత్రంలో పేర్కొన్న భాషలో మాత్రమే వృత్తి నిర్వహించాలి. అపరిమిత ధ్రువపత్రం పొందినవారికి ఆ కట్టుబాట్లు లేవు. 1918లో బొంబాయిలో ‘గవర్నమెంట్ డిప్లొమా ఇన్ అకౌంటెన్సీ’ (జి.డి.ఏ.) పరీక్ష మొదలైంది. ఈ డిప్లొమా సాధించి, ఆమోదం పొందిన అకౌంటెంటు వద్ద మూడేళ్ళు శిక్షణ పొందినవారు అపరిమిత ధ్రువపత్రానికి అర్హులయ్యారు. 1920లో పరిమిత ధ్రువపత్రాల జారీ ఆగిపోయింది.

ఈ చివరి మార్పు చిన్నదిగా కనిపించినా, భాషాపరంగా చూస్తే గమనార్హమైనది. పరిమిత ధ్రువపత్రం తక్కువ హోదా కలది అయినప్పటికీ, వ్యాపార లెక్కలు దేశభాషల్లో ఉంటాయనీ, వాటిని ఆ భాషలోనే తనిఖీ చేసేవారు కావాలనీ అది అంగీకరించింది. అది తొలగిపోవడంతో వృత్తికి ఒకే మెట్లదారి మిగిలింది. ఆ దారి భాష ఇంగ్లీషు.

1930లో ప్రభుత్వం అకౌంటెంట్ల పట్టికను నిర్వహించాలని నిర్ణయించింది. అందులో పేరున్నవారు ‘రిజిస్టర్డ్ అకౌంటెంట్లు’. అటుపై సలహాసంఘంగా భారత అకౌంటెన్సీ బోర్డు ఏర్పడింది. ఈ దశలో పరీక్ష నెగ్గడం, వృత్తిలో నిలదొక్కుకోవడం ఒకటి కాదు. 1933లో జి.డి.ఏ. పరీక్షలో ఉత్తీర్ణులైన ఆర్. శివభోగం దేశంలో తొలి మహిళా అకౌంటెంటు. మద్రాసులో ఆమె స్వతంత్రంగా వృత్తి ప్రారంభించినది 1937లో. పరీక్షకు అవతల కూడా ఒక ద్వారం ఉండేదనడానికి ఈ వ్యవధి ఒక సూచన.

1948లో ఏర్పడిన నిపుణుల సంఘం స్వయంప్రతిపత్తి గల సంస్థను సిఫార్సు చేసింది. చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం 1949 జూలై 1న అమల్లోకి వచ్చి, భారత చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఏర్పడింది. రాజశాసనం లేకపోయినా ‘చార్టర్డ్’ అనే పేరును చట్టమే ఇచ్చింది. అప్పటి సభ్యుల సంఖ్య సుమారు 1,700. నేడది 4 లక్షలు దాటింది.

4. ద్వారం తెరుచుకున్న తీరు:
స్వాతంత్ర్యానంతర కాలంలో రెండు ముఖ్యమైన మార్పులు జరిగాయి. మొదటిది ప్రీమియం స్థానంలో స్టైపెండు రావడం. 1988 నాటి నిబంధనలు అభ్యర్థి నుంచి ప్రత్యక్షంగా గాని, పరోక్షంగా గాని ప్రీమియం తీసుకోవడాన్ని నిషేధించాయి. పైగా శిక్షణ ఇచ్చే అకౌంటెంటే అభ్యర్థికి స్టైపెండు చెల్లించాలి. ఆ మొత్తం స్వల్పమే అయినా, చెల్లింపు దిశ మారడం సామాజికంగా పెద్ద మార్పు.

రెండవది ప్రవేశ వయస్సు తగ్గడం. ఫౌండేషన్ కోర్సు, 2001 నాటి ప్రొఫెషనల్ ఎడ్యుకేషన్ తొలిదశ, 2006 నాటి కామన్ ప్రొఫిషియెన్సీ టెస్ట్ (సి.పి.టి.), 2017లో తిరిగి వచ్చిన ఫౌండేషన్ అన్నీ ప్రవేశం ఎక్కడ ఉండాలన్న ప్రశ్నకు వేర్వేరు సమాధానాలు. సి.పి.టి. కాలంలో పదవ తరగతి పూర్తిచేసినవారు పేరు నమోదు చేసుకుని, పన్నెండవ తరగతి తరువాత పరీక్ష రాసేవారు. 2012 నుంచి పట్టభద్రులు నిర్ణీత మార్కులతో నేరుగా రెండవ దశలో చేరే వెసులుబాటు కూడా వచ్చింది.

సి.పి.టి. పూర్తిగా బహుళైచ్ఛిక ప్రశ్నల పరీక్ష. విస్తృతంగా రాయగల నేర్పు, సమస్యను విడమరచి పరిష్కరించే పద్ధతి అక్కడ పరీక్షకు రావు. అవి తొలిసారి ఎదురయ్యేది తరువాతి దశలోనే. కాబట్టి మొదటి మెట్టు సులువైనంత మాత్రాన వడపోత తగ్గిపోదు, పై మెట్టుకు జరుగుతుంది. తిరిగి వ్యాసరూప ప్రశ్నలను కొంతమేర చేర్చిన ఫౌండేషన్‌ను ఈ నేపథ్యంలో అర్థం చేసుకోవాలి.

ఈ మార్పులన్నింటినీ కలిపి చూస్తే ఒక సూత్రం తేటపడుతుంది. డబ్బు, పరిచయం, కుటుంబ నేపథ్యం అనే పాత వడపోతలు బలహీనపడ్డాయి. ఇది నిస్సందేహంగా ప్రజాస్వామికమైన పరిణామం. కాని వాటి స్థానంలో బోధన రాలేదు. పరీక్ష ఒక్కటే వడపోతగా మిగిలింది. ఒకప్పుడు ద్వారం వద్ద లెక్కకు రాకుండా జరిగిన తిరస్కరణ నేడు మెట్లపై అంకెల్లో నమోదవుతున్నది.

5. మూడు బాధ్యతలు, ముగ్గురు నిర్వాహకులు:
విశ్వవిద్యాలయ డిగ్రీలో పాఠం చెప్పే వ్యవస్థ, పరీక్ష నిర్వహించే వ్యవస్థ దగ్గరగా ఉంటాయి. ఒక అనుబంధ కళాశాలలో బి.కాం. విద్యార్థులు పెద్దసంఖ్యలో తప్పితే, ఆ కళాశాలనూ, అధ్యాపకులనూ, పాఠ్యప్రణాళికనూ ప్రశ్నించే అవకాశం ఉంది. సి.ఏ.లో అటువంటి ఏర్పాటు లేదు. పాఠ్యప్రణాళిక, అధ్యయన సామగ్రి, పరీక్ష, మూల్యాంకనం సంస్థ చేతిలో ఉన్నాయి. శిక్షణ అకౌంటెంట్ల కార్యాలయాల్లో జరుగుతుంది. తరగతిగది బోధన చాలామేరకు ప్రైవేటు కోచింగ్ కేంద్రాలకు, కార్పొరేట్ కళాశాలలకు చేరింది.

తెలుగు రాష్ట్రాల్లో ఈ మూడవ అంగం ప్రత్యేకరూపం తీసుకుంది. ఇంటర్మీడియట్‌లో గణితం, అర్థశాస్త్రం, వాణిజ్యశాస్త్రం కలిసిన ఎం.ఇ.సి. గ్రూపును సి.ఏ. శిక్షణతో జోడించి నడపడం హైదరాబాదు, విజయవాడ, గుంటూరు వంటి నగరాల్లో స్థిరపడిన పద్ధతి. ఎం.పి.సి.కి ఇంజనీరింగు, బై.పి.సి.కి వైద్యం ఎలాగో, ఎం.ఇ.సి.కి సి.ఏ. అలా గమ్యంగా మారింది. ఇంటర్మీడియట్ పరీక్షలో తొంభై శాతం పైబడి మార్కులు తెచ్చుకున్న విద్యార్థి, కొద్దినెలల వ్యవధిలో ఫౌండేషన్‌లో తప్పడం ఇక్కడి అధ్యాపకులకు పరిచితమైన అనుభవమే. ఒకటి చదివినదాన్ని తిరిగి చెప్పగలగడాన్ని కొలిచే పరీక్ష, మరొకటి తెలిసినదాన్ని కొత్త సందర్భానికి అన్వయించడాన్ని కోరే పరీక్ష. రెండింటికీ ఒకే బోధనపద్ధతి చాలదు.

ర్యాంకు వచ్చినప్పుడు కళాశాల, కోచింగ్ కేంద్రం, సంస్థ ముగ్గురూ ఆ విజయంలో భాగస్వాములు. తప్పినప్పుడు మాత్రం ఆ బాధ్యత అభ్యర్థి ఒక్కరిదే. బాధ్యతలు విడిపోయిన వ్యవస్థలో అనుత్తీర్ణతకు జవాబు చెప్పేవారు లేకపోవడం ఈ చరిత్ర మిగిల్చిన ఫలితం. ఉత్తీర్ణతాశాతం స్వల్పంగా ఉండటం కన్నా ఇది తీవ్రమైన సమస్య.

6. నిబంధనల గణితం:
ఉత్తీర్ణతకు ప్రతి పేపరులో కనీసం 40 శాతం, గ్రూపు మొత్తం మీద 50 శాతం రావాలి. ఒక పేపరులో 60 శాతం వస్తే, ఆ పేపరుకు తరువాతి ప్రయత్నాల్లో మినహాయింపు లభిస్తుంది. మూడు పేపర్ల గ్రూపును ఉదాహరణగా తీసుకుంటే, 40, 40, 70 వచ్చిన అభ్యర్థి మొత్తం 150తో ఉత్తీర్ణుడవుతాడు. 49, 49, 49 వచ్చిన అభ్యర్థి మొత్తం 147తో తప్పుతాడు. 39, 80, 80 వచ్చిన అభ్యర్థి మొత్తం 199 తెచ్చుకున్నా తప్పుతాడు. సమతూకంగా చదివినవాడికీ, ఒకచోట జారినవాడికీ ఫలితపత్రంలో ఒకే మాట కనిపిస్తుంది. వృత్తి దృష్టితో ఈ నిబంధనకు సమర్థన ఉంది. పన్నుల చట్టం తెలియని ఆడిటరు గణనంలో ఎంత నిపుణుడైనా ప్రజలకు నష్టమే. అయితే ‘తప్పడం’ అన్నది ఒకే స్థితి కాదని మాత్రం ఈ ఉదాహరణలు తెలుపుతాయి.

మూల్యాంకనంపై అభ్యర్థికి ఉన్న హక్కు కూడా పరిమితమే. మార్కుల కూడికను, దిద్దకుండా వదిలిన జవాబులను సరిచూడమని కోరవచ్చు గాని పునర్మూల్యాంకనం కోరే వీలులేదు. మరోవైపు, ఉత్తీర్ణతాప్రమాణాలను నిలపడానికి అవసరమనుకుంటే అభ్యర్థులందరి లేదా ఒక వర్గం అభ్యర్థుల మార్కులను సవరించే విచక్షణాధికారాన్ని 1988 నిబంధనలు సంస్థ పాలకమండలికి ఇచ్చాయి. సమాచారహక్కు చట్టానికి సంబంధించి 2011లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక వ్యాజ్యంలో ఈ నిబంధన ప్రస్తావనకు వచ్చింది. కనుక ఉత్తీర్ణతాశాతం వర్షపాతం వలె ప్రకృతిసిద్ధమైన అంకె కాదు. అది నిబంధనల, నిర్ణయాల ఫలితం.

7. అంకెలు చెప్పేది, చెప్పనిది:
ఉపోద్ఘాతంలోని రెండు సంఖ్యలను ఇప్పుడు వివరించవచ్చు. 2023 మే ఫైనల్‌లో మొదటి గ్రూపు రాసిన 57,067 మందిలో 6,795 మంది (11.91 శాతం), రెండవ గ్రూపు రాసిన 61,844 మందిలో 19,438 మంది (31.43 శాతం) ఉత్తీర్ణులయ్యారు. అర్హత పొందిన 13,430 మందిలో రెండు గ్రూపులూ ఒకేసారి నెగ్గినవారు 2,152 మంది మాత్రమే. తక్కిన 11,278 మంది ఒక గ్రూపును ముందే పూర్తిచేసుకుని, మిగిలినదాన్ని ఆ విడతలో గట్టెక్కినవారు. అంటే అర్హులైన ప్రతి ఆరుగురిలో దాదాపు ఐదుగురు దశలవారీగా వచ్చినవారే. శీర్షికలకు ఎక్కే శాతం ఈ మార్గాన్ని చూపదు.

విడతవారీ శాతం ప్రయత్నాలను లెక్కిస్తుంది, మనుషులను కాదు. ఊహకు, ప్రతి విడతలో 20 శాతం మంది మాత్రమే నెగ్గుతారనీ, తప్పినవారంతా మళ్ళీ రాస్తారనీ అనుకుంటే, ఐదు విడతల తరువాత నెగ్గినవారు సుమారు 67 శాతం అవుతారు. వాస్తవంలో అందరూ మళ్ళీ రాయరు, అందరి అవకాశాలూ సమానం కావు. అందువల్లనే, ఒక సంవత్సరం నమోదైన విద్యార్థుల్లో ఎందరు చివరికి అర్హులయ్యారు, ఎందరు ఏ దశలో మానుకున్నారు అనే లెక్కే అసలైన ప్రమాణం.

మరొక విషయం ఈ అంకెల చలనం. రెండు గ్రూపులూ రాసిన ఫైనల్ అభ్యర్థుల ఉత్తీర్ణత 2023 నవంబరులో 9.42 శాతం, 2024 మేలో 19.88, 2024 నవంబరులో 13.44, 2025 మేలో 18.75. ఫౌండేషన్‌లో 2023 డిసెంబరులో 29.99 శాతం ఉన్నది 2024 జూన్‌లో 14.96కు తగ్గింది. 2023 జూలైలో ప్రకటించిన కొత్త విధానం ప్రకారం తొలి పరీక్షలు జరిగినది 2024 వేసవిలోనే. ఆ విధానంలో ఇంటర్మీడియట్, ఫైనల్ దశల పేపర్లు ఎనిమిది నుంచి ఆరుకు, ఆర్టికల్‌షిప్ మూడేళ్ళ నుంచి రెండేళ్ళకు తగ్గాయి. ఒకే వేసవిలో పై మెట్టున శాతం రెట్టింపై, కింది మెట్టున సగమైంది. ఒక్క విడత ఆధారంగా స్థిరమైన నిర్ణయానికి రాలేము. అయినా, ఆరు నెలల్లో ఒక తరం విద్యార్థుల తెలివి రెట్టింపు కావడం గాని, సగం కావడం గాని జరగదు. ఈ హెచ్చుతగ్గులకు కారణాన్ని విద్యార్థుల శక్తిసామర్థ్యాల్లో మాత్రమే వెతకడం శాస్త్రీయం కాదు.

8. భాష అనే మెట్టు:
1968లో ఏర్పడిన తెలుగు అకాడమి వాణిజ్యశాస్త్రాన్ని తెలుగులో చదివే అవకాశం కల్పించింది. చిట్టా, ఆవర్జా, అంకణా, నగదు చిట్టా, జంటపద్దు విధానం, తరుగుదల, ఆస్తి అప్పుల పట్టీ వంటి మాటలు ఇంటర్మీడియట్, డిగ్రీ తరగతుల్లో స్థిరపడ్డాయి. వీటిలో చిట్టా, ఆవర్జా వంటివి అంగళ్ళలో, గుమాస్తాల నోళ్ళలో నలిగి పాఠ్యపుస్తకానికి ఎక్కినవి. సి.ఏ. పరీక్షను మాత్రం ఇంగ్లీషులో గాని, హిందీలో గాని మాత్రమే రాయాలి. అంకణా ఎందుకు సరిపోలాలో స్పష్టంగా తెలిసిన తెలుగు మాధ్యమ విద్యార్థి, ఆ తెలివిడిని మరో భాషలో, నిర్ణీత సమయంలో నిరూపించుకోవాలి. హిందీ మాధ్యమ విద్యార్థికి ఉన్న ఎంపిక అతనికి లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2021–22 నుంచి డిగ్రీ కోర్సులను ఇంగ్లీషు మాధ్యమానికి మార్చడంతో తరగతిగదికీ పరీక్షకూ మధ్య పైకి కనిపించే తేడా తొలగింది. మాధ్యమం మారినంత మాత్రాన అవగాహనలో అంతరం తొలగిందని భావించలేము. తెలుగులో అర్థం చేసుకుని ఇంగ్లీషులో రాసే విద్యార్థికి రెండు భాషల పారిభాషిక పదాలను పక్కపక్కన ఉంచి బోధించడం నేటికీ అవసరమే.

9. ముగింపు:
సి.ఏ. పరీక్షల్లో అనుత్తీర్ణత ఒక తరం వైఫల్యం కాదు. ప్రీమియం, పరిచయం అనే పాత కట్టడులు తొలగి, బోధనాబాధ్యతను ఎవరూ పూర్తిగా తీసుకోని స్థితిలో, పరీక్ష ఒక్కటే మొత్తం వడపోత భారాన్ని మోయడం వల్ల ఏర్పడిన చారిత్రక ఫలితం. పరీక్షను సడలించడం దీనికి పరిష్కారం కాదు. కంపెనీల లెక్కలపై ఆడిటరు పెట్టే సంతకాన్ని నమ్మి మదుపరులు, బ్యాంకులు, ప్రభుత్వం నడుచుకుంటాయి. ఆ సంతకం విలువ తగ్గకూడదు. అలాగని తప్పినవారిని లెక్కలోంచి తొలగించడమూ న్యాయం కాదు.

ఇంటర్మీడియట్ దశ దాటి, శిక్షణ పూర్తిచేసి, ఫైనల్ దాటలేనివారికి కొన్ని షరతులతో ‘బిజినెస్ అకౌంటింగ్ అసోసియేట్’ అనే గుర్తింపును 2023 విధానం ప్రవేశపెట్టింది. మధ్యలో దిగేవారికి కూడా ఒక మెట్టు కావాలని సంస్థే అంగీకరించినట్లు దీన్ని భావించవచ్చు. అయితే ఇంటర్మీడియట్ దశలోనే నాలుగైదు ప్రయత్నాల తరువాత మానుకున్న యువకుడికి అది వర్తించదు. పదిహేడేళ్ళ వయస్సులో ఈ దారిలో అడుగుపెట్టి, ఇరవై నాలుగేళ్ళకు బయటకు వచ్చేవారి చేతిలో సమాంతరంగా చదివిన బి.కాం. పట్టా మాత్రమే ఉంటుంది. ఆ ఏళ్ళలో వారు నేర్చుకున్న పన్నుల, ఆడిట్ పరిజ్ఞానానికి ఏ పత్రమూ సాక్ష్యం కాదు.

కాబట్టి మూడు పనులు ముందుకు రావాలి. విడతవారీ శాతాలతోపాటు, ప్రతి నమోదు సంవత్సరపు విద్యార్థుల తుది గతిని తెలిపే లెక్కలను ప్రచురించాలి. సి.ఏ. శిక్షణ పేరుతో ఇంటర్మీడియట్ ప్రవేశాలు నిర్వహించే కళాశాలలు ర్యాంకులతోపాటు, చేరినవారెందరు, ఫౌండేషన్ దాటినవారెందరు అన్నది కూడా వెల్లడించాలి. వాణిజ్యశాస్త్ర అధ్యాపకులు, తెలుగు అధ్యాపకులు కలిసి ద్విభాషా పారిభాషిక పదకోశాన్ని నేటి పాఠ్యప్రణాళికకు అనుగుణంగా రూపొందించాలి. మొదటి రెండూ జరిగితే, ఈ దారిలోకి పిల్లలను పంపే తల్లిదండ్రులు దాని పొడవునూ, కష్టాన్నీ ముందే తెలుసుకుని నిర్ణయం తీసుకోగలుగుతారు. మూడవది ఏ సంస్థ అనుమతీ లేకుండా కళాశాల స్థాయిలోనే మొదలుపెట్టగలిగిన పని.